కూతకెళ్ళే ముందు చక్కెర లెక్క

పిల్లలూ! ముందుగా ఒక చిన్న లెక్క చేద్దాం. కాగితం, పెన్సిలు తీసుకోండి.

మీ ఒంట్లో రక్తం ఎంత ఉంటుంది? బరువులో ప్రతి కిలోగ్రాముకూ సుమారు 75 మిల్లీలీటర్ల చొప్పున వేసుకోండి. 40 కిలోల బరువున్న ఎనిమిదో తరగతి కుర్రవాడికి 3 లీటర్లన్నమాట. ఆ రక్తంలో చక్కెర ఎంత? ఆరోగ్యవంతుడికి పరగడుపున ప్రతి 100 మిల్లీలీటర్ల రక్తంలోనూ 70 నుంచి 100 మిల్లీగ్రాముల గ్లూకోజు ఉంటుంది. లెక్క సులువుగా ఉండేందుకు 100 అనే పట్టుకుందాం. అంటే లీటరుకు 1 గ్రాము. 3 లీటర్లకు 3 గ్రాములు.

మూడే గ్రాములు! టీ చెంచా నిండా కూడా రాదు. ఒళ్ళంతా తిరిగే రక్తం మొత్తంలో ఏ క్షణానైనా ఉండే చక్కెర అంతే.

ఇప్పుడా కుర్రవాడు గంటసేపు మైదానంలో బాగా పరుగెత్తాడనుకోండి. ఆ గంటలో అతని కండరాలు 40 గ్రాములో, అంతకంటే ఎక్కువో పిండిపదార్థాన్ని ఖర్చు చేస్తాయి. అందులో కొంత కండరాలు తమలోనే దాచుకున్న నిల్వ నుంచి వస్తుంది. మిగిలినదాన్ని రక్తంలోంచి లాక్కోవాలి. ఉన్నది 3 గ్రాములు, కావలసింది దానికి ఎన్నో రెట్లు. మరి కుర్రవాడు అయిదు నిమిషాల్లో కళ్ళు తిరిగి పడిపోవాలి కదా? పడిపోడు. గంట తర్వాత అతని వేలినుంచి ఒక రక్తపు బొట్టు తీసి చూస్తే చక్కెర ఇంచుమించు మొదట ఉన్నంతే ఉంటుంది.

మీ ఊళ్ళో నీళ్ళ ట్యాంకును గుర్తు తెచ్చుకోండి. కింద వీధి కుళాయిలన్నీ ఒకేసారి విప్పినా ట్యాంకులో నీటిమట్టం తగ్గడం లేదంటే, అవతల ఎవరో సమయానికి మోటారు వేసి, పోయినంత నీరూ మళ్ళీ ఎక్కిస్తున్నారన్నమాట. మన ఒంట్లో మోటారు కాలేయం. ఒక పెద్దవాడి కాలేయంలో సుమారు 100 గ్రాముల చక్కెర గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉంటుంది. కండరాలు ఎంత వాడితే కాలేయం అంత వదులుతుంది. మరి ఆ మోటారు స్విచ్చి వేసేదెవరు?

స్విచ్చి దగ్గర కూర్చున్నవాడు

పొట్ట వెనక క్లోమం అనే గ్రంథి ఉంది. 1869లో బెర్లిన్‌లో పాల్ లాంగర్‌హాన్స్ అనే వైద్య విద్యార్థి సూక్ష్మదర్శినిలో దీన్ని పరీక్షిస్తూ, సముద్రంలో దీవుల్లా అక్కడక్కడా వేరే రకం కణాల గుంపులు ఉండడం చూశాడు. అవి ఏం చేస్తాయో ఆయనకు తెలియలేదు. ఆ దీవుల్లోని బీటా కణాలు ఇన్సులిన్‌నూ, వాటి పక్కనే ఉండే ఆల్ఫా కణాలు గ్లూకగాన్‌నూ తయారుచేస్తాయని తర్వాతి కాలంలో తేలింది.

ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు పనిచేస్తాయి. ఇన్సులిన్ కండరాలకు ‘చక్కెర లోపలికి తీసుకోండి’ అనీ, కాలేయానికి ‘ఇక వదలకు, దాచుకో’ అనీ చెబుతుంది. గ్లూకగాన్ కాలేయానికి ‘దాచింది బయటికి తియ్యి’ అని చెబుతుంది. అన్నం తినగానే ఇన్సులిన్ పెరుగుతుంది. పరుగు మొదలుపెట్టగానే ఇన్సులిన్ తగ్గి, గ్లూకగాన్ పెరుగుతుంది. ట్యాంకు మోటారు ఆన్ అయినట్లే.

ఇక్కడ మీకో అనుమానం రావాలి. ఇన్సులిన్ తగ్గితే కండరాలకు చక్కెర ఎలా అందుతుంది మరి? తలుపు తీసేది ఇన్సులినే కదా? పనిచేస్తున్న కండరానికి దొడ్డిదారి ఒకటి ఉంది. కండరం ముడుచుకుని సాగుతున్నప్పుడు, చక్కెరను లోపలికి చేరవేసే ప్రోటీన్లు ఇన్సులిన్ పిలవకుండానే కణం పైపొరకు వచ్చి నిలబడతాయి. విశ్రాంతిగా ఉన్న కండరానికి ఇన్సులిన్ కావాలి. పరుగెత్తే కండరం తన తలుపు తానే తెరుచుకుంటుంది. ఈ మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి, మున్ముందు కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

స్విచ్చి పాడైతే

కొందరు పిల్లల్లో రోగాలతో పోరాడవలసిన రక్షణ వ్యవస్థ పొరబడి, సొంత బీటా కణాలనే శత్రువులనుకుని నాశనం చేస్తుంది. దీన్ని ఒకటో రకం మధుమేహం అంటారు. మీ తాతగారికో, పక్కింటి మామయ్యగారికో నడివయసులో వచ్చే చక్కెర జబ్బు సాధారణంగా రెండో రకం. అది వేరు, ఇది వేరు. మిఠాయిలు ఎక్కువ తిన్నందువల్ల ఒకటో రకం రాదు. అంటువ్యాధి అంతకంటే కాదు. ‘చిన్నప్పుడు బెల్లం తెగ తినేవాడు, అందుకే వచ్చింది’ అని పెద్దవాళ్ళు అంటే నమ్మకండి. ఆ మాటతో ఒక తల్లి అనవసరంగా ఎంత కుమిలిపోతుందో నేను చూశాను.

బీటా కణాలు పోతే ఇన్సులిన్ ఉండదు. తిన్న చక్కెర రక్తంలోనే ఉండిపోయి మూత్రంలో కొట్టుకుపోతుంది. కణాలు ఆకలితో కొవ్వును కాలుస్తాయి. ఆ కాలడంలో కీటోన్లనే ఆమ్ల పదార్థాలు పేరుకుని రక్తాన్ని విషమయం చేస్తాయి. 1922కు ముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు ఎక్కువకాలం బతికేవారు కారు. వైద్యం పేరుతో వారిని దాదాపు పస్తులుంచేవారు. అలా చేస్తే ఇంకొన్ని నెలలు గడిచేవి, అంతే.

1921లో కెనడాలోని టొరంటోలో ఫ్రెడరిక్ బాంటింగ్, చార్లెస్ బెస్ట్ అనే ఇద్దరు మెక్లియాడ్ ప్రొఫెసరు ప్రయోగశాలలో కుక్కల క్లోమం నుంచి ఇన్సులిన్‌ను రాబట్టారు. 1922 జనవరి 11న లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ళ అబ్బాయికి మొదటి ఇంజెక్షను ఇచ్చారు. మందు శుద్ధిగా లేక అది సరిగా పనిచేయలేదు. కాలిప్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు పగలూ రాత్రీ కష్టపడి దాన్ని శుద్ధిచేశాడు. జనవరి 23న మళ్ళీ ఇచ్చారు. ఈసారి ఆ అబ్బాయి రక్తంలో చక్కెర దిగివచ్చింది. మరుసటి ఏడాదే బాంటింగ్‌కూ, మెక్లియాడ్‌కూ నోబెల్ బహుమతి వచ్చింది. బాంటింగ్ తన డబ్బులో సగం బెస్ట్‌కూ, మెక్లియాడ్ తన డబ్బులో సగం కాలిప్‌కూ ఇచ్చారు.

తన జబ్బుకు తానే వైద్యుడు

ఆటలకూ ఇన్సులిన్‌కూ ఉన్న సంబంధం గురించి చెప్పేటప్పుడు రాబిన్ లారెన్స్‌ను తలచుకోకుండా ఉండలేం. లండన్‌లో ఆయన యువ వైద్యుడు. ఈ జబ్బు రావడంతో ఇక ఎంతోకాలం బతకననుకుని, ఇంట్లోవాళ్ళకు భారం కాకూడదని ఇటలీలోని ఫ్లారెన్సు నగరానికి వెళ్ళిపోయాడు. 1923లో, చావుకు దగ్గరపడిన సమయంలో, లండన్ నుంచి తోటి వైద్యుడి కబురు అందింది. ఇన్సులిన్ వచ్చిందనీ, పనిచేస్తోందనీ, వెంటనే బయలుదేరి రమ్మనీ దాని సారాంశం. ఆయన ఎలాగో లండన్ చేరాడు, బతికాడు. ఆ తర్వాత ఈ జబ్బుకే పెద్ద వైద్యుడయ్యాడు. 1934లో, సైన్సు కథలు రాసిన హెచ్. జి. వెల్స్‌తో కలిసి బ్రిటన్‌లో మధుమేహ రోగుల సంఘాన్ని స్థాపించాడు. వెల్స్‌కు కూడా చక్కెర జబ్బు ఉండేది.

లారెన్స్ 1926లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక వ్యాసం రాశాడు. ఇన్సులిన్ తీసుకుని ఊరకే కూర్చున్నప్పటికంటే, అదే మోతాదు తీసుకుని వ్యాయామం చేసినప్పుడు చక్కెర బాగా ఎక్కువగా పడిపోతుందని అందులో చూపించాడు. అంటే వ్యాయామం ఇన్సులిన్ బలాన్ని పెంచుతుందన్నమాట. ఇది మంచి వార్తా, చెడ్డ వార్తా? రెండూను.

ఎందుకంటే ఇంజెక్షనుతో లోపలికి వెళ్ళిన ఇన్సులిన్‌కు మీరు పరుగెత్తుతున్నారని తెలియదు. ఆరోగ్యవంతుడి క్లోమం పరుగు చూసి ఇన్సులిన్ తగ్గిస్తుంది. చర్మం కింద వేసుకున్న మందును ఎవరు తగ్గించగలరు? అది తన పని తాను చేసుకుంటూ పోతుంది. పైపెచ్చు ఒళ్ళు వేడెక్కి రక్తప్రసరణ పెరగడంతో ఇంకా త్వరగా రక్తంలో కలుస్తుంది. తొడకు సూది వేసుకుని వెంటనే పరుగెత్తితే మరీ త్వరగా కలుస్తుంది. ఒకపక్క ఇన్సులిన్ తలుపులన్నీ తెరుస్తుంది. ఇంకోపక్క కండరం తన దొడ్డిదారీ తెరుస్తుంది. అదే సమయంలో ఇన్సులిన్ కాలేయం మోటారు మీద చెయ్యి నొక్కిపెట్టి ఉంచుతుంది. కుళాయిలన్నీ విప్పి మోటారు ఆపేస్తే ట్యాంకు గతి ఏమవుతుందో చెప్పనక్కరలేదు కదూ!

చక్కెర 70 కంటే తగ్గడాన్ని అల్పచక్కెర స్థితి అందాం. (ఇకమీదట ‘100 మిల్లీలీటర్లలో ఇన్ని మిల్లీగ్రాములు’ అని ప్రతిసారీ రాయకుండా అంకె మాత్రమే చెబుతాను.) చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, చెమట పడుతుంది, ఆకలి వేస్తుంది, చికాకు పుడుతుంది. ఇంకా తగ్గితే మెదడుకు ఆహారం చాలక మాట తడబడుతుంది, తెలివి తప్పుతుంది. మైదానంలో చిక్కేమిటంటే, ఆడే ప్రతివాడికీ చెమట పడుతుంది, ప్రతివాడి గుండే కొట్టుకుంటుంది! ఇది ఆటవల్ల వచ్చిన దడా, చక్కెర తగ్గి వచ్చిన దడా? ఆడేవాడికే తెలియదు. అందుకే అనుమానం రాగానే ఆగి పరీక్ష చేసుకోవాలి. పరీక్షకు వీలులేకపోతే తగ్గిందనే అనుకుని చక్కెర తినాలి.

కూతలో పెరుగుతుంది, పరుగులో తగ్గుతుంది

ఇంతవరకు చదివి ‘ఆట అంటే చక్కెర తగ్గడమే’ అనుకుంటున్నారేమో. అలా అయితే లెక్క చాలా తేలిక. కానీ ఆటలన్నీ ఒకటి కావు.

కబడ్డీలో కూతకు వెళ్ళేవాడికి ఉండేది 30 సెకన్లు. ఎదుట ఏడుగురు. ఒళ్ళంతా బిగుసుకుంటుంది. ఆ క్షణంలో మూత్రపిండాల మీద కూర్చున్న చిన్న గ్రంథులు ఎడ్రినలిన్‌ను కుమ్మరిస్తాయి. పులి కనిపిస్తే పరుగెత్తడానికి ప్రకృతి మనకిచ్చిన హార్మోను అది. ఎడ్రినలిన్ కాలేయాన్ని గద్దించి, ఒక్కసారిగా చక్కెర బయటికి తీయిస్తుంది. ఆరోగ్యవంతుడిలో ఆట ముగియగానే ఇన్సులిన్ పెరిగి దాన్ని సర్దేస్తుంది. ఒకటో రకం మధుమేహం ఉన్నవాడిలో సర్దేవాడు లేడు. కాబట్టి పోటాపోటీగా సాగిన ఆట తర్వాత చక్కెర తగ్గడానికి బదులు పెరగనూ వచ్చు. వంద మీటర్ల పరుగు, బరువులెత్తడం, గెలుపు కోసం తెగించి ఆడే చివరి నిమిషాలు, అన్నీ ఈ కోవలోవే.

నిదానంగా చాలాసేపు సాగే పనులు, అంటే సైకిలు తొక్కడం, దూరపు పరుగు, ఈత, కొండ ఎక్కడం, ఇవి చక్కెరను దించుతాయి. ఫుట్‌బాలు, ఖో-ఖో లాంటివి మధ్యరకం. కాసేపు పరుగు, కాసేపు నిలకడ, మధ్యలో మెరుపుదాడి. వీటిలో ఏది ఎటు లాగుతుందో ముందుగా చెప్పడం కష్టం. ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఒక తమాషా చూశారు. నిదానంగా సైకిలు తొక్కాక చివర్లో 10 సెకన్లు శక్తికొద్దీ తొక్కితే, ఆ తర్వాత కాసేపు చక్కెర పడిపోకుండా నిలబడింది. పది సెకన్ల ఎడ్రినలిన్ మహిమ!

ఇప్పుడు గేరీ హాల్ అనే అమెరికన్ ఈతగాడి సంగతి వినండి. తండ్రి కూడా ఒలింపిక్ ఈతగాడే. 1999లో, 24 ఏళ్ళ వయసులో, ఈయనకు ఒకటో రకం మధుమేహమని తేలింది. ఇక పోటీ ఈత కట్టిపెట్టమని వైద్యులు చెప్పారు. ఆయన మరో వైద్యురాలిని వెతుక్కున్నాడు. ప్రయత్నించి చూద్దాం అందామె. ఈదుతూ ఈదుతూ ఆగి, గట్టుమీద వేలు పొడుచుకుని పరీక్ష చేసుకోవడం, మళ్ళీ నీళ్ళలోకి దూకడం, ఇలా సాగింది సాధన. 2000 సిడ్నీ ఒలింపిక్సులో 50 మీటర్ల ఫ్రీస్టైల్ పోటీలో 21.98 సెకన్లతో, ఆంథొనీ ఎర్విన్‌తో సమంగా బంగారు పతకం పొందాడు. 2004 ఏథెన్సులో అదే పోటీలో 21.93 సెకన్లతో ఒంటరిగా గెలిచాడు. రెండోస్థానం వాడికి 21.94.

ఆయన పోటీలో ఉండేది 22 సెకన్లే. ఆ 22 సెకన్లకు రక్తంలోని చక్కెరతో పెద్ద పనిలేదు, కండరాల్లో ఉన్నదే చాలు. కష్టమంతా సాధనలో ఉంది. రోజూ గంటల తరబడి ఈదేటప్పుడు చక్కెర కిందికి లాగుతుంది. పోటీ రోజున ఎడ్రినలిన్ పైకి లాగుతుంది. ఒకే మనిషి, ఒకే ఈత, రెండు వేరు వేరు లెక్కలు!

మనకు బాగా తెలిసిన ఆటలోకి వద్దాం. పాకిస్తాన్ ఫాస్ట్ బౌలర్ వసీం అక్రమ్‌కు 1997లో ఈ జబ్బు బయటపడింది. అప్పటికాయనకు ముప్ఫై దాటాయి. పెద్దవాళ్ళకు కూడా ఒకటో రకం రావచ్చునని దీన్నిబట్టి తెలుస్తోంది కదా. ఆయన ఆట మానలేదు. 1999 ప్రపంచ కప్పులో తన జట్టును ఫైనలు దాకా నడిపించాడు. 2003 ప్రపంచ కప్పులో వన్డేల్లో 500వ వికెట్టు తీశాడు. అంతవరకు ఆ మైలురాయిని ఎవరూ చేరలేదు. ఫాస్ట్ బౌలింగంటే ఎండలో రోజంతా నిలబడి, విసురుగా పరుగెత్తి వేసి, మళ్ళీ నెమ్మదిగా నడిచి వెనక్కి వెళ్ళడం. దానికి తోడు భోజన విరామం, టీ విరామం. చక్కెర లెక్కకు ఇంతకంటే చిక్కు ఆట ఇంకోటి ఉండదేమో.

2013 నుంచి పెద్ద సైకిలు పందేల్లో పాల్గొన్న ఒక వృత్తి జట్టులో సభ్యులందరూ ఒకటో రకం మధుమేహం ఉన్నవారే. టీం నోవో నార్డిస్క్ దాని పేరు. ఇటలీలో దాదాపు 300 కిలోమీటర్లు సాగే మిలాన్–సాన్ రెమో పందెంలో కూడా వారు తొక్కారు. టోక్యో ఒలింపిక్సులో, అంటే 2021లో, టెన్నిసు బంగారు పతకం గెలిచిన జర్మనీ ఆటగాడు అలెగ్జాండర్ జ్వెరెవ్‌కు చిన్ననాటినుంచీ ఈ జబ్బు ఉంది. 2022లో ఆ మాట లోకానికి చెప్పాడు.

ఇంకో విశేషం. ఆరోగ్యవంతుడైన క్రీడాకారుడు ఇన్సులిన్ తీసుకుంటే నేరం, అది నిషిద్ధ మందుల జాబితాలో ఉంది. మధుమేహం ఉన్నవాడికి అది ప్రాణం కాబట్టి, ముందుగా అర్జీ పెట్టుకుని మినహాయింపు పొందుతాడు.

ఖో ఎవరిస్తారు?

మా బడిలో ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె ఉండేది. ఖో-ఖోలో చురుకైనది. అయిదు వారాలు బడికి రాలేదు. వచ్చినప్పుడు చేతిలో వాళ్ళ నాన్నగారి ఉత్తరం ఉంది: ఒకటో రకం మధుమేహం, ఆటల పీరియడులో కూర్చోబెట్టవలసింది. డ్రిల్లు మాస్టారు మంచివాడే, కానీ భయపడ్డాడు. మైదానంలో పిల్ల పడిపోతే జవాబు చెప్పేదెవరు? వేపచెట్టు కింద కూర్చుని స్కోరు రాయమన్నాడు. రెండు నెలలు రాసింది. ఒకరోజు నాతో అంది: “మాస్టారూ, ఖో-ఖోలో కూర్చున్నవాళ్ళకి ఖో ఇస్తే లేవాలి గదండీ. మరి నాకు ఎవరూ ఇవ్వరేం?”

వాళ్ళ నాన్నగారినీ, డ్రిల్లు మాస్టారినీ వెంటబెట్టుకుని ఆ అమ్మాయి డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాం. ఆయన మా ముగ్గురినీ చూసి నవ్వి, “ఆడొద్దని నేనెప్పుడన్నానండీ?” అన్నారు. ఒక కాగితం మీద నాలుగు మాటలు రాసిచ్చారు. అవి ఆయన సొంత మాటలు కావు. 2017లో వివిధ దేశాల నిపుణులు కలిసి ఒప్పుకున్న పద్ధతికి దగ్గరగా ఉన్నవే.

ఆటకు ముందు చక్కెర చూసుకోవాలి. 126 నుంచి 180 మధ్య ఉంటే మొదలుపెట్టడానికి అనువైన స్థితి. 90కీ దానికీ మధ్య ఉంటే 10 గ్రాముల గ్లూకోజు, అంటే సుమారు రెండు చెంచాలు, తీసుకుని దిగవచ్చు. 90 కంటే తక్కువైతే 10 నుంచి 20 గ్రాములు తీసుకుని, పెరిగిందాకా ఆగాలి. 270 దాటితే సంగతి వేరు. అది ఇన్సులిన్ చాలకపోవడం వల్ల కావచ్చు. అప్పుడు పరుగెత్తితే చక్కెర దిగదు సరికదా, కీటోన్లు ఇంకా పెరుగుతాయి. ముందు కీటోన్ల పరీక్ష చేయాలి. రక్తపరీక్షలో అవి 1.5 కంటే ఎక్కువుంటే ఆ రోజు ఆట లేదు, డాక్టరు సలహా కావాలి. కిందటి 24 గంటల్లో చక్కెర ప్రమాదకరంగా పడిపోయి ఉంటే కూడా ఆట లేదు.

ఆట గంటకు మించి సాగితే గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం అవసరం కావచ్చు. భోజనం చేసి ఇన్సులిన్ వేసుకున్న రెండు మూడు గంటల్లోపే ఆట ఉంటే, ఆ భోజనానికి వేసే మోతాదును ముందే తగ్గిస్తారు. ఎంత తగ్గించాలన్నది ఆటను బట్టి, మనిషిని బట్టి పావు వంతు నుంచి ముప్పావు వంతు దాకా ఉండవచ్చు. ఇది డాక్టరుగారు నిర్ణయించవలసిన విషయం. పత్రికలో చదివి ఎవరూ మార్చకూడదు.

ఆ అమ్మాయి చేసిన పని నాకు భలే నచ్చింది. గళ్ళ నోటుపుస్తకంలో తేదీ, ఏం ఆట, ముందు అంకె, తర్వాత అంకె, ఏం తిన్నది అని అయిదు గళ్ళు గీసింది. మూడు వారాలయ్యేసరికి తన ఒంటి స్వభావం బయటపడింది. మైదానం చుట్టూ నిదానంగా పరుగెత్తిన రోజుల్లో అంకె దిగేది. ఖో-ఖో అభ్యాసం రోజుల్లో కొద్దిగానే కదిలేది. పక్క బడితో పందెం ఉన్న రోజున మాత్రం 150తో మొదలై 200 పైచిలుకుకు ఎక్కింది! ‘తప్పు చేశానా మాస్టారూ’ అని కంగారుపడింది. ఎడ్రినలిన్ పాఠం ఆ రోజు వేపచెట్టు కిందే జరిగింది. అలా ఎక్కిన అంకెను చూసి తొందరపడి ఇన్సులిన్ ఎక్కించుకుంటే, కాసేపటికి రెండూ కలిసి కిందికి లాగుతాయి. పక్కన పెట్టి గంటలో మళ్ళీ చూడమన్నారు డాక్టరుగారు. చూస్తే దానంతటదే దిగింది.

ఇప్పుడు కొందరు పిల్లల చేతికి చిన్న బిళ్ళలాంటి సెన్సరు అంటించి ఉంటుంది. అది ఎప్పటికప్పుడు అంకె చూపిస్తుంది. చాలా గొప్ప సాధనం, ఖరీదూ గొప్పదే. అయితే అది కొలిచేది రక్తంలోని చక్కెరను కాదు, కణాల మధ్య ద్రవంలో ఉన్న చక్కెరను. అక్కడికి మార్పు చేరడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. పరుగెత్తేటప్పుడు రక్తంలో చక్కెర వేగంగా జారుతుంటే సెన్సరు వెనకబడుతుంది. అది 95 చూపే వేళకు అసలు అంకె అంతకంటే తక్కువ ఉండవచ్చు. అనుమానమొస్తే వేలి రక్తపు బొట్టే నమ్మాలి.

పక్కనున్న మీరేం చేయాలి?

మీ జట్టులో ఇలాంటి స్నేహితుడుంటే ఈ భాగం రెండుసార్లు చదవండి.

వాడు ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడినా, అకారణంగా కోపం తెచ్చుకున్నా, బంతి చేతికిచ్చినా పట్టుకోలేకపోయినా, పొగరనుకోకండి. ఆట ఆపి కూర్చోబెట్టండి. మూడు చెంచాల చక్కెరో, గ్లూకోజు పొడో నీళ్ళలో కలిపి తాగించండి. పావుగంట ఆగి మళ్ళీ చక్కెర చూడండి. పెరగకపోతే మరోసారి ఇవ్వండి. చాక్లెట్టు తీపిదే కదా అని అది ఇవ్వబోకండి. దానిలోని కొవ్వు చక్కెర జీర్ణమవడాన్ని ఆలస్యం చేస్తుంది. ఇంటికి ఒక్కణ్ణే పంపకండి.

తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు. నీళ్ళైనా సరే, చక్కెరైనా సరే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒక పక్కకు ఒత్తిగిల్లేటట్లు పడుకోబెట్టి, పెద్దవాళ్ళను కేకేసి, 108కి ఫోను చేయించాలి. డాక్టరు ముందే రాసిచ్చి ఉంటే, నేర్చుకున్న పెద్దవాళ్ళు గ్లూకగాన్ ఇంజెక్షను ఇస్తారు. గ్లూకగాన్ ఏం చేస్తుందో మీకు తెలుసు, కాలేయం మోటారు స్విచ్చి అదే.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఆట సాయంత్రం ఆరు గంటలకు ముగిసినా కండరాల ఆకలి ముగియదు. ఖాళీ అయిన తమ గ్లైకోజెన్ గదులను అవి రాత్రంతా నింపుకుంటూనే ఉంటాయి. ఆ తలుపులు ఒక రోజంతా, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు, సులువుగా తెరుచుకుంటాయి. అందువల్ల సాయంత్రం బాగా ఆడినవాడికి అర్ధరాత్రి దాటాక, నిద్రలో, చక్కెర పడిపోయే ప్రమాదముంది. నిద్రలో వణుకు తెలియదు. పందేలు జరిగే రోజుల్లో ఆ అమ్మాయి వాళ్ళమ్మగారు రాత్రి రెండింటికి అలారం పెట్టుకుని లేచి, నిద్రపోతున్న పిల్ల వేలు పొడిచి చూసేవారు. పడుకోబోయే ముందు చక్కెర చూసుకోవడం, కాస్త అల్పాహారం తీసుకోవడం, డాక్టరు చెబితే రాత్రి ఇన్సులిన్ తగ్గించడం, ఇవి ఆటలో భాగమే.

ఎండాకాలం సంగతి

ఇన్సులిన్ ఒక ప్రోటీను. కోడిగుడ్డు తెల్లసొన వేడికి గడ్డకట్టినట్లే, వేడికి దాని ఆకారం చెడిపోతుంది. చెడిపోయిన ఇన్సులిన్ పనిచేయదు. తెరవని సీసాలను రిఫ్రిజిరేటరులో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. గడ్డకట్టే అరలో మాత్రం పెట్టకూడదు, చలికీ చెడుతుంది. వాడుతున్న సీసా 25, 30 డిగ్రీలు దాటని చోట సుమారు నాలుగు వారాలు ఆగుతుంది. మే నెలలో మన మైదానాల్లో 42 డిగ్రీలుంటుంది కాబట్టి, ఆటకు తీసుకెళ్ళే సంచిని ఎండలోనూ, నిలబెట్టిన బస్సులోనూ వదలకూడదు.

రిఫ్రిజిరేటరు లేని ఇళ్ళకు కుమ్మరి కుండ ఉంది. పెద్ద కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండను కూర్చోబెట్టి, తడవకుండా డబ్బాలో పెట్టిన మందును దానిలో ఉంచి మూత వేస్తారు. కుండ గోడలోని సన్నని రంధ్రాల గుండా నీరు బయటికొచ్చి ఆవిరవుతుంది. ఒక గ్రాము నీరు అలా ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల వేడి కావాలి, ఆ వేడిని కుండలోంచే తీసుకుంటుంది. అందుకే పొడిగాలి వీచే రాయలసీమలో కుండ బాగా చల్లబడుతుంది. ఉక్కపోసే కోస్తాలో అంతగా చల్లబడదు.

బడి ప్రయోగశాలనుంచి రెండు ఉష్ణమాపకాలు అడిగి తెచ్చుకోండి. ఒకటి కుండలో, ఒకటి బయట నీడలో పెట్టి, మధ్యాహ్నం రెండు గంటలకు వారం రోజులపాటు రెండు అంకెలూ రాసిపెట్టండి. మబ్బు పట్టి జల్లు కురిసిన రోజున రెంటికీ మధ్య తేడా ఎందుకు తగ్గిందో మీరే చెప్పగలరు.